చివర వెళ్లేవారే దీపం ఆర్పాలి

మీరు ఒక ప్రోగ్రామును ముగించగానే అది వాడుకున్న మెమరీని కంప్యూటరు తిరిగి తీసుకుంటుంది. ఈ పని చేసేది ఆపరేటింగ్ సిస్టంలోని కెర్నెల్. మరి కెర్నెలే తాను తీసుకున్న మెమరీని విడిచిపెట్టడం మరచిపోతే? అడిగేవారుండరు. యంత్రాన్ని ఆపి మళ్లీ నడిపేదాకా ఆ మెమరీ ఎవరికీ అక్కరకు రాదు. దీనినే మెమరీ లీక్ అంటారు.

లినక్స్ కెర్నెల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 1991లో మొదలైన ఈ కెర్నెల్ నేడు ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, ఎన్నో ఇంటర్నెట్ సర్వర్లలోనూ పనిచేస్తోంది. రెండు యంత్రాల మధ్య కనెక్షన్ ఏర్పడినప్పుడల్లా ఇది మెమరీలో ఒక రికార్డు తెరుస్తుంది. అవతలి యంత్రం చిరునామా, పంపవలసిన సమాచారం, టైమర్ల వివరాలు అందులో ఉంటాయి. కనెక్షన్ ముగిసిన ప్రతిసారీ 2 కిలోబైట్లు లీక్ అవుతున్నాయనుకోండి. సెకనుకు 100 కనెక్షన్లు ముగిసే సర్వరులో రోజుకు ఎంత పోతుంది? 2 × 100 × 86,400, అంటే సుమారు 17 గిగాబైట్లు! 16 గిగాబైట్ల మెమరీ ఉన్న సర్వరు ఒక్క రోజులో చతికిలబడుతుంది.

అయితే కనెక్షన్ ముగియగానే రికార్డును చెరిపివేస్తే సరిపోదా? సరిపోదు. ఒకే రికార్డును ప్రోగ్రాము, టైమరు, పాకెట్లను అందుకునే భాగం ఒకేసారి వాడుతుండవచ్చు. వాటిలో ఒకటి ఇంకా వాడుతుండగానే చెరిపితే యంత్రం కుప్పకూలవచ్చు. ఆ సందు చూసుకుని దొంగలు కంప్యూటరులో చొరబడనూవచ్చు. లీక్ కంటే ఇది పెద్ద ప్రమాదం.

మరి ఉపాయమేమిటి? తరగతి గదిలో చివర వెళ్లేవారు దీపం ఆర్పుతారు కదా! కెర్నెల్ పద్ధతీ అదే. ప్రతి రికార్డుకూ ఒక లెక్క ఉంటుంది. వాడటం మొదలుపెట్టేవారు దానికి 1 కలపాలి. వాడటం ముగించినవారు 1 తీసివేయాలి. లెక్క 0 అయినప్పుడే మెమరీ విడుదలవుతుంది.

టైమరు దగ్గర పొరపాట్లు దొర్లవచ్చు. లినక్స్‌లో టైమరు మొదలైతే లెక్కకు 1 కలుస్తుంది. కనెక్షన్ మధ్యలో తెగినప్పుడు టైమరును రద్దు చేసి, ఆ 1 తీసివేయకపోతే లెక్క ఎన్నటికీ 0 కాదు. అదే లీక్! రెండుసార్లు తీసివేస్తే ఇందాక చెప్పిన పెద్ద ప్రమాదం.

కాబట్టి ప్రోగ్రాము రాసేవారికి సూత్రం ఒక్కటే: పని సవ్యంగా ముగిసినా, మధ్యలో చెడినా, కలిపిన ప్రతి 1కీ ఒకే ఒక్క తీసివేత ఉండాలి.