వెన్న కరగని వేళ

గోదావరి పల్లపు సీమ వరినేల. అరిసె మొదలుకొని పూతరేకు వరకు ఇక్కడి పిండివంటలలో పెక్కు బియ్యమును నమ్ముకొని పుట్టినవే. మైదా వెలుపలినుండి వచ్చిన సరుకు, ఇంటి ఓవెనన్ననో నిన్నమొన్నటిది. అయినను పెనుగొండ వంటి ఊళ్లలో, బేకరీ అద్దాల వెనుక పేర్చిన పఫ్‌లను చూచి, ఉల్లిపాయకూరకు మారుగా మామిడిపండు పూర్ణముంచి ఇంటనే కాల్చిన నెట్లుండునో యని ముచ్చటపడు గృహిణులు నేడు అరుదు కారు. పుస్తకములో చెప్పినట్లే కొలతలు వేసి, మే నెల మధ్యాహ్నమున పని మొదలిడిన వారికి తొలిసారి ఎదురగు ఫలితము ఇంచుమించు ఒక్కటే: పొరలు విచ్చుకొనవు, అడుగుభాగము తడిసి ముద్దయగును, ట్రేలో నెయ్యి మడుగు కట్టును. ఆ వంటపద్ధతి వ్రాసినవాడు చలిదేశపువాడు. వాని వంటింటిలో వెన్న గట్టిగా నుండుటయే స్వభావము గనుక, ఆ సంగతిని ప్రత్యేకించి చెప్పవలెనని అతనికి తోచి యుండదు.

పొరల పేస్ట్రీ ఐరోపాలో ప్రాచీనమైన విద్య. 1651లో వెలువడిన, ఫ్రెంచి వంటవాడు లా వరెన్ వ్రాసిన పాకశాస్త్ర గ్రంథమునందే దాని ప్రస్తావన కలదు. అందలి కిటుకు మిక్కిలి సులభముగా చెప్పవచ్చును, చేయుటయే కష్టము. మైదా ముద్దను పలకగా వత్తి, నడుమ వెన్నపలకను కప్పిపెట్టి, మూడు మడతలుగా మడిచి మరల వత్తుదురు. ఇట్లు ఆరుసార్లు చేసినచో వెన్నపొరలు మూడు, తొమ్మిది, ఇరువదియేడుగా పెరుగుచు 729 అగును. తొలిసారి చేయువారు నాలుగు మడతలతో, అనగా 81 పొరలతో, తృప్తిపడుట మేలు. ఓవెన్ వేడికి వెన్నలోని నీరును, పిండిలోని నీరును ఆవిరియై పొరను పొరనుండి పైకెత్తును. కరగిన క్రొవ్వు ఆ పొరలు మరల నంటుకొనకుండ అడ్డుపడును. వెన్న ముందే కరగి పిండిలో ఇంకిపోయినచో విడదీయుటకు పొరలే యుండవు.

వెన్న కరగుట 32 డిగ్రీలు దాటగనే మొదలగును. డెల్టాలో మే నెల పగలు 40 డిగ్రీలు దాటుట వింత కాదు. అంగడి పఫ్‌లకు ఈ చిక్కు లేకపోవుటకు కారణము, వానిలో సాధారణముగా వాడునది వేడికి తట్టుకొను మార్గరీన్ అగుటయే. తిన్న పిమ్మట అంగిటికి జిడ్డు పట్టుటకును అదియే కారణము. ఇంట వెన్నతోనే చేయదలచినవారు తెల్లవారుజామున లేచి, గచ్చు చల్లగా నున్నప్పుడే పిండి వత్తవలెను. మడతకు మడతకు నడుమ అరగంటసేపు ముద్దను ఫ్రిజ్‌లో నుంచవలెను. కవ్వముతో చిలికి తీసిన ఇంటివెన్న రుచికి సాటిలేనిదే గాని, దానిలో నీరు హెచ్చు. చల్లని నీట కడిగి, అరచేతితో అదిమి, మజ్జిగచుక్క కనబడనంతవరకు పిండిన పిమ్మటనే పలకగా చేయదగును. నేయి వాడరాదా యని అడుగుదురు. నేతిలో నీరుండదు, పొర కరకరలాడును గాని ఆవిరి బలము తగ్గి అంతగా పొంగదు.

అయితే నేతితోనే పొరలు తీయు విద్య గోదావరి ఆవలియొడ్డునే యున్నది. తాపేశ్వరమున పోలిశెట్టి సత్తిరాజుగారి పేరిట ప్రసిద్ధికెక్కిన మడత కాజాను విరిచి చూచినచో పొరలెన్నియో తెలియును. మైదాను పలుచగా సాగదీసి, నేయి రాసి, పొడిపిండి చల్లి, చుట్టగా చుట్టి, ముక్కలు కోసి వత్తుదురు. నేతిని పట్టి యుంచు పని ఆ పొడిపిండిది. మన గృహిణి ఓవెన్‌కు పోకముందు ఒకమారు కాజా చుట్టి చూచిన, పొర యననేమో చేతికే తెలియును. ఫ్రెంచి వంటవాని పుస్తకము పది పుటలలో చెప్పలేనిది ఈ పని ఒక గంటలో నేర్పునని నా నమ్మకము.

ఇక పండు. మామిడిలో నూటికి ఎనుబదిపాళ్లకు మించి నీరే. చిన్నరసము, చెరుకురసము జుఱ్ఱుకొనుటకు పుట్టిన పండ్లు. వాని రసమును పచ్చిగా పూర్ణముంచుట పేస్ట్రీకి స్నానము చేయించుటయే. కండగల బంగినపల్లి ముక్కలను పంచదారతో, కొంచెము నిమ్మరసముతో సన్నని సెగపై, గరిట గీసిన గీత వెంటనే పూడిపోనంతవరకు దగ్గరకు రానిచ్చి, పూర్తిగా చల్లార్చి వాడవలెను. వెచ్చని పూర్ణము లోపలి వెన్నను కాల్చకమునుపే కరగించును. వియన్నావారు ఆపిలు స్ట్రూడెల్ చుట్టునప్పుడు రసము పీల్చుటకు రొట్టెపొడి చల్లుదురు. మన కజ్జికాయల పూర్ణములో కలుపు పుట్నాలపొడి ఆ పని చక్కగా చేయును. అంతకంటె నాకు నచ్చిన యుపాయము ఆత్రేయపురపు మామిడితాండ్ర. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చి ఆ ఊరి పేరు దేశమంతట మ్రోగుచున్నను, చాపలపై పూతమీద పూతగా రసము పోసి ఎండకట్టు తాండ్రయు అక్కడి పనితనమే. పలుచని తాండ్రముక్కను అడుగున పరచి, దానిపై పూర్ణమునుంచినచో, పైనుండి దిగు తడిని తాండ్రయే పుచ్చుకొని మెత్తబడును. క్రింది పొర పొడిగా నిలుచును.

అంచులు మూయుటలో కజ్జికాయల అలవాటు కొంత తోడ్పడును, కొంత చెరుపు చేయును. కజ్జికాయ అంచును గట్టిగా నొక్కి మెలిపెట్టుదుము. ఇక్కడ కోసిన అంచును నొక్కినచో పొరలన్నియు ఒక్కటై లేవనే లేవవు. అంచునకు వ్రేలెడు లోపలగా తడిచేసి, అచ్చటనే అదుమవలెను. కత్తిని లాగక నిట్టనిలువుగా దించి కోయవలెను. ఆవిరి పోవుటకు పైన రెండు మూడు గాట్లు పెట్టవలెను, లేనిచో పూర్ణము ప్రక్కనుండి దారి చేసికొనును. మెరుపునకై పుస్తకములన్నియు కోడిగ్రుడ్డు పూయమనును. వాసవీ కన్యకాపరమేశ్వరి పుణ్యక్షేత్రమైన పెనుగొండలో, గ్రుడ్డు గడప దాటని ఇండ్లెన్నో యుండగా, చిటికెడు పంచదార కలిపిన చిక్కని పాలు చాలును. ఆ పాలు కోసిన అంచుపై జారి పొరలను అంటించకుండ చూచుకొనుటయే మెళకువ. ముందుగా కాగిన ఓవెన్‌లో 200 డిగ్రీల వద్ద కాల్చవలెను. మొదటి పావుగంట, లోపల నేమగుచున్నదో చూడవలెనని ఎంత ఉబలాటమున్నను, తలుపు తెరువరాదు.

బంగారువన్నె తిరిగి, అడుగుకూడ గట్టిపడిన పిమ్మట ట్రేనుండి తీసి జాలీపై నుంచవలెను. కాజా పాకము త్రాగి కొన్నినాళ్లు నిలువయుండును. పండు పేస్ట్రీకి అంత ఆయువు లేదు, డెల్టా గాలిలోని తేమకు మరునాటికే మెత్తబడును. కావున ఆ పూట తినువారెందరో లెక్కచూచుకొని అన్నియే కాల్చి, మిగిలిన పిండిముద్దను చుట్టి డీప్ ఫ్రీజర్‌లో దాచుకొనుట తెలివి. మామిడి వెళ్లిన పిదప అనాసతో చేయవచ్చును. రావులపాలెం సంతనుండి వచ్చు చక్కెరకేళి అరటిపండైనచో ఉడికించు పనియే లేదు. చక్రాలుగా తరిగి, కొంచెము బెల్లపుపొడి, ఏలకులపొడి చల్లి మూసిన చాలును.