గడ్డకట్టిన నేలలో నీళ్లెన్ని?

మిల్లులో చేసినోళ్లకు తేమ సంగతి వేరే చెప్పక్కర్లేదు. గాలి పొడిబారితే నూలు పుటుక్కున తెగుతుంది. నూలులో తేమ ఎంతో చూడాలంటే తూకం వేసి, ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్లీ తూచేవారు. తగ్గిన బరువే నీళ్లు.

చలిదేశాల నేలకు ఈ లెక్క చాలదు. సైబీరియాలో, అలాస్కాలో, కెనడా ఉత్తరాన నేల ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉంటుంది. మట్టిని ఎండబెడితే మొత్తం నీరు తెలుస్తుంది గానీ, అందులో మంచు ఎంత, నీళ్లెన్ని అన్నది తెలీదు. సున్నా డిగ్రీల కిందకు పోయినా బంకమట్టిలో కొంత నీరు గడ్డకట్టదు, రేణువులకు సన్నటి పొరలా అంటుకొని ఉంటుంది. అది పెరిగేకొద్దీ నేల పట్టు సడలుతుంది. ఇళ్లు ఒరుగుతాయి, రోడ్లు కుంగుతాయి. అక్కడా మనలాగే కూడబెట్టి ఇల్లు కట్టుకున్నవాళ్లే కదా ఉండేది.

దీన్ని పట్టిచ్చేది అయస్కాంతం. ఆస్పత్రిలో ఎమ్మారై తీస్తారే, అదే సూత్రం. (నా నడుముకు తీసినప్పుడు ఆ టకటకలకు సాంచాలు గుర్తొచ్చాయి.) నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు చిట్టి అయస్కాంతాల్లాంటివి. పెద్ద అయస్కాంతం దగ్గర పెట్టి రేడియో తరంగంతో ఒక తట్టు తడితే బదులు పలుకుతాయి. నీళ్లయితే ఆ పలుకు సెకనులో వెయ్యో వంతు మొదలు సెకను దాకా నిలుస్తుంది. మంచయితే సెకనులో లక్షో వంతుకే ఆగిపోతుంది, యంత్రానికి అందదు. అంటే యంత్రం వినేది నీళ్లనే. మట్టిలో మొత్తం సందు ఎంతో వేరే పరికరంతో కొలిచి, అందులోంచి నీళ్లు తీసేస్తే మిగిలింది గడ్డ.

గ్యాస్ హైడ్రేటుకూ ఇదే లెక్క. నీటి అణువులు పంజరంలా మీథేన్‌ను బంధిస్తే ఏర్పడే మంచులాంటి గడ్డ అది. ఒక ఘనపు మీటరు కరిగితే సుమారు 160 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది. 2002లో కెనడాలో మెకెంజీ నది డెల్టాలోని మల్లిక్ బావిలోకి ఈ పరికరం దించారు. దాదాపు 900 నుంచి 1100 మీటర్ల లోతున, కొన్ని ఇసుక పొరల సందుల్లో 80 శాతం దాకా హైడ్రేటే ఉంది. ఆ పనిలో మన దేశమూ భాగస్వామే.

యానాం వాళ్లకు ఇది మరీ దగ్గర సంగతి. 2006లో జాయిడెస్ రెజల్యూషన్ అనే ఓడ కృష్ణా గోదావరి తీరానికి అవతల లోతు సముద్రంలో తవ్వింది. బంకమట్టి పగుళ్లలో మందంగా హైడ్రేటు దొరికింది. అక్కడ సముద్రం ఒత్తిడి, అడుగున చల్లదనం కలిసి గడ్డకట్టించాయి. ఒత్తిడి తగ్గిస్తే గ్యాసు వస్తుంది, నీళ్లూ వస్తాయి, గడ్డ పట్టుకున్న మట్టి వదులవుతుంది. బంకమట్టిలో గ్యాసు పారే దారి తక్కువ. అందుకే 2015లో చిక్యు ఓడ వచ్చి ఇసుక పొరల కోసం వెదికింది. అమ్మకానికి గ్యాసు తీయడం ఇంకా మొదలుకాలేదు.