నీరు చాలని గొఱ్ఱె

రాయలసీమలోను తెలంగాణములోను గొఱ్ఱెల మంద కనబడని గ్రామములు తక్కువ. 2019వ సంవత్సరపు పశుగణనలో తెలంగాణమున సుమారు 1 కోటి 90 లక్షల గొఱ్ఱెలును, ఆంధ్రప్రదేశమున సుమారు 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలును లెక్కకు వచ్చెను. మా విద్యార్థులలో మందలుగల యిండ్లనుండి వచ్చువారు పలువురు గలరు. వారును వారి తలిదండ్రులును చదువుదురను తలంపుతో, వేసవిలో నీరు చాలనప్పుడు గొఱ్ఱె కడుపులో నేమి జరుగునో యిచ్చట వివరింపఁబూనితిమి.

గొఱ్ఱె కొద్దిపాటి నీటితో బ్రదుకునని కొందఱందురు. ఇది కొంతవఱకు నిజమే. వర్షకాలమున పచ్చిక మేయు గొఱ్ఱెలు ఒక్కొక్కనాఁడు చెఱువువంక చూడనైనఁ జూడవు. అంతమాత్రమున వానికి నీరు చేరుటలేదని తలంపరాదు; అవి నీటిని నమలి మ్రింగుచున్నవి! విద్యార్థులు 100 గ్రాముల లేఁతగడ్డిని తూచి, బాగుగ నెండఁబెట్టి మరల తూచి చూతురుగాక. మిగులునది యించుమించు 20 గ్రాములే, తక్కినదంతయు నీరు. వైశాఖమాసమున జొన్నచేలలో మిగిలిన యెండుకొయ్యలలోనైతే నూటికి సుమారు 10 పాళ్లు మాత్రమే నీరుండును. కావున ఎండుమేత మేయు గొఱ్ఱె కిలో మేతకు రెండు మూడు లీటర్ల నీరు త్రాగవలెను. ఎండలు ముదిరినకొలఁది ఇంకను ఎక్కువ కావలసివచ్చును.

ఇంత నీరేల? గొఱ్ఱె కడుపు నాలుగు గదులుగా నున్నది. వానిలో మొదటిదగు పెద్దపొట్ట పిండి పులియఁబెట్టు కుండవంటిది. గడ్డిలోని పీచును అరిగించుకొను శక్తి గొఱ్ఱెకు స్వతః లేదు. ఆ పొట్టలో నివసించు కోట్లకొలఁది సూక్ష్మజీవులే ఆ పని చేయును. పిండి పులియుటకు తడి యెట్లో, వానికి నీరట్లు. నెమరువేయునపుడు నోటినుండి దిగు లాలాజలము దినమునకు కొన్ని లీటర్లుండును. అది పొట్టలోని పులుపును విఱుచును. ఆ లాలాజలమునకును మూలము నీరే గదా.

నీరు తగ్గినప్పుడు ముందుగా తగ్గునది ఆకలి. ఎదుట మేత యున్నను గొఱ్ఱె కొంచెము మేసి నిలిచిపోవును. లోనికి పోయిన మేతయు త్వరగా ముందునకు సాగదు. పొట్టలో ఎక్కువకాలము నిలుచుటచే సూక్ష్మజీవులు దానిని మఱింత చక్కగా విడఁదీయును. మూత్రము తగ్గి చిక్కనగును. పెద్దప్రేగు తడిని పీల్చుకొనుటచే పెంటికలు గట్టిపడి రాలును. ఇంకొక వింత గలదు. మూత్రముతో పోవలసిన యూరియాలో కొంతభాగము రక్తమునుండియు లాలాజలముతోను మరల పొట్టను చేరును. సూక్ష్మజీవులు దానితో మాంసకృత్తులను తయారుచేయును. ఎండుచొప్పలో మాంసకృత్తులు మిగుల తక్కువ గనుక ఈ పొదుపు గొఱ్ఱెకు గొప్ప సహాయము.

అరుగుదల మెరుగుపడునను మాట విని, నీరు తగ్గించుట లాభమేమోయని యెవరైన భ్రమపడవచ్చును. లెక్కవేసి చూతము. నీరు నిండుగా త్రాగి 1000 గ్రాముల మేత మేసి, నూటికి 50 పాళ్లు అరిగించుకొనిన గొఱ్ఱెకు 500 గ్రాములు దక్కును. నీరు చాలక 700 గ్రాములే మేసి, నూటికి 55 పాళ్లు అరిగించుకొనినను దక్కునది 385 గ్రాములు. (ఈ అంకెలు సంగతి తెలియుటకై మేము గైకొన్నవి, మేతనుబట్టియు జాతినిబట్టియు మాఱును.) తక్కువపడిన దానిని గొఱ్ఱె తన క్రొవ్వునుండియు కండనుండియు తీసికొనును.

అన్నిటికంటె ముందు నష్టపడునది పాలిచ్చు తల్లి. గొఱ్ఱెపాలలో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. తల్లికి నీరు చాలనిచో పాలు తగ్గును. పిల్ల యెదుగుదల కుంటుపడును. ఆ పిల్లను సంతలో అమ్మునాఁడు గాని యజమానునికి ఆ నష్టము తెలియదు. పొట్టేళ్లకు దాణా మెండుగాపెట్టి నీరు తక్కువ పెట్టినచో మూత్రనాళమున రాళ్లడ్డుపడు భయము కూడఁ గలదు.

రాజస్థానపు ఎడారిలో రెండుదినముల కొకమాఱు నీరు త్రాగి నిలుచు మందలు గలవు. అది తరతరములుగా వచ్చిన యోర్పు. దానిని చూచి మన మందలను పరీక్షింపరాదు. వేసవిలో ప్రొద్దున మేతకు తోలుటకు ముందొకమాఱు, మధ్యాహ్నమొకమాఱు, సాయంకాలమొకమాఱు నీరు చూపుట మేలు. తొట్టి నీడలో నుండవలెను. నీరు నిజముగా కొఱతపడినచో చూడి గొఱ్ఱెలకును పాలిచ్చువానికిని మొదట త్రాగించి, తరువాత తక్కినవానిని విడువవలెను. చాలసేపు దప్పిగొనిన మందను ఒక్కసారిగా నీటిమీఁదికి వదలక, కొంచెము కొంచెముగా త్రాగనీయవలెను. ఉప్పు దప్పిక పెంచును గనుక, అట్టి దినములలో ఉప్పు పెట్టుటయు తగ్గింపవలెను.