చంపడం వేరు, పోనివ్వడం వేరు

ఐసీయూ బయట వరండాలో ఒక మాట తరచు వినిపిస్తుంది. "ఇక లాభం లేదమ్మా, ఇంటికి తీసుకెళ్లండి." డాక్టరు ఆ మాట మెల్లగా చెబుతారు. కొడుకో కూతురో ఒక కాగితం మీద సంతకం పెడతారు. వైద్యుల సలహా కాదని మా ఇష్టంతోనే తీసుకెళ్తున్నామని అందులో రాసి ఉంటుంది. నిజానికి ఆ సలహా ఇచ్చింది డాక్టరే. ఇల్లు చేరి, అంబులెన్సులో పెట్టిన ఆక్సిజన్ తీశాక ప్రాణం పోతుంది. ఇది చాలా ఇళ్లలో తెలిసిన సంగతే. వైద్యం ఎక్కడ ఆపాలన్న నిర్ణయం మన దగ్గర ఎప్పటినుంచో జరుగుతోంది. దాన్ని నిర్ణయమని ఎవరూ అనరు, అంతే.

ఇప్పుడు చట్టం దానికో పేరు పెట్టింది, దారీ వేసింది. ఆ దారి అన్ని మలుపులతో ఎందుకుందో తెలియాలంటే ముందు ఒక సంగతి చూడాలి. తనంతట తాను అడిగిన మనిషినైనా సరే చంపకూడదని సమాజం ఎందుకంటుంది?

పొలం నాది, ఇష్టమైతే రాసిచ్చేస్తాను. ప్రాణం విషయంలో ఆ లెక్క చెల్లదు. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి ఒప్పుకున్నాడు కాబట్టే చంపానని రుజువైతే, మన నేర చట్టం దాన్ని హత్య కింద కాక ప్రాణం తీసిన నేరం కింద చూస్తుంది. శిక్ష తగ్గుతుంది, నేరం మాత్రం పోదు. దీని వెనక ఉన్నది మతం ఒక్కటే కాదు. మంచాన పడ్డ మనిషి తిండికీ మందుకీ ఇతరుల మీదే ఆధారపడతాడు. అలాంటి మనిషి "నేను మీకు భారమైపోయాను, పోతేనే మేలు" అన్నప్పుడు, అది కోరికో సంకోచమో తేల్చడం కష్టం. ఆస్తి పంపకం, ఆస్పత్రి బిల్లు, చేసేవాళ్ల అలసట ఆ మాటలో కలిసిపోయి ఉండవచ్చు. ప్రాణానికి విలువ కట్టడమంటే, ముందుగా బలహీనుడి చుట్టూ ఒక కంచె వేయడం.

అయితే మన సంప్రదాయం మరణాన్ని ఎప్పుడూ శత్రువుగానే చూడలేదు. భీష్ముడి ఇచ్ఛామరణం, పరీక్షిత్తు ప్రాయోపవేశం, జైనుల సల్లేఖన మనకు తెలుసు. పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టిన వినోబా భావే 1982 నవంబరులో అన్నం, మందులు మానేసి కన్నుమూశారు. సల్లేఖన ఆత్మహత్యతో సమానమని 2015లో రాజస్థాన్ హైకోర్టు అంది. నెల తిరగకముందే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. ఈ చర్చ పాతదే. కొత్తగా వచ్చింది యంత్రం.

వెంటిలేటర్ (కృత్రిమంగా ఊపిరి అందించే యంత్రం) రోగాన్ని నయం చేయదు. రోగం తగ్గేదాకా ఊపిరితిత్తుల పని తాను చేస్తుంది. తగ్గని రోగమైతే ఆ పని రోజుల తరబడి సాగుతూనే ఉంటుంది. అప్పుడు పొడిగిస్తున్నది బతుకునా, చావునా అన్న అనుమానం వస్తుంది.

ఇక్కడే రెండు మాటలు విడిపోతాయి. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం సక్రియ కారుణ్య మరణం. ఫలితం లేని వైద్యాన్ని ఆపి, మరణాన్ని దాని దారిన రానివ్వడం నిష్క్రియ కారుణ్య మరణం. నెదర్లాండ్స్‌లో 2002 నుంచి కఠినమైన షరతులతో మొదటిదీ చట్టబద్ధమే. మన దేశంలో రెండోదానికే అనుమతి. రెండిటి ఫలితమూ ఒకటే కదా, తేడా ఏమిటని అమెరికా తత్వవేత్త జేమ్స్ రేచల్స్ 1975లోనే అడిగారు. గట్టి ప్రశ్నే. నాకు తోచిన జవాబు ఇది. ఆ ఇంజెక్షన్ ఆరోగ్యవంతుడికిచ్చినా చనిపోతాడు. ఆరోగ్యవంతుడి ముఖం మీంచి వెంటిలేటర్ తీస్తే మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. అంటే మొదటిదానిలో చంపేది సూది, రెండోదానిలో రోగం.

కానీ ఈ కొలత అన్నిచోట్లా సరిపోదు. ముంబయి కేఈఎం ఆస్పత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ సంగతే తీసుకోండి. 1973 నవంబరులో అక్కడి వార్డు ఉద్యోగి ఒకడు గొలుసుతో గొంతు బిగించి ఆమెపై అత్యాచారం చేశాడు. మెదడుకు ఆక్సిజన్ అందలేదు. అప్పటినుంచి ఆమెది వెజిటేటివ్ స్టేట్ (కళ్లు తెరిచినా తెలివి లేని స్థితి). ఇది బ్రెయిన్ డెత్ కాదు. బ్రెయిన్ డెత్‌లో మెదడు కాండం కూడా పనిచేయదు కాబట్టి యంత్రం లేకుండా ఊపిరి ఆడదు. అరుణ తానే ఊపిరి తీసుకునేది. మెత్తగా చేసి పెట్టిన అన్నం తినేది. ఆమెకు తీసేయడానికి వెంటిలేటరే లేదు. ఆపాలంటే అన్నమే ఆపాలి. అన్నం ఆపితే ఆరోగ్యవంతుడూ చనిపోతాడు.

ఆమెను పోనివ్వమంటూ రచయిత్రి పింకీ విరానీ వేసిన పిటిషన్‌ను 2011 మార్చి 7న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆమె తరఫున మాట్లాడే హక్కు ఎవరిదన్న చోట కోర్టు ఆస్పత్రి నర్సుల వైపు చూసింది. వాళ్లు ఆమె బతకాలన్నారు. అన్నేళ్లూ ఆమె ఒంటిమీద ఒక్క మంచపుండు పడనివ్వలేదు వాళ్లు. నర్సుల తరాలు మారినా ఆ సేవ మారలేదు. అరుణ 2015 మేలో న్యుమోనియాతో చనిపోయింది. విచిత్రమేమంటే, ఆమెకు వద్దన్న తీర్పే మిగతా దేశానికి తలుపు తీసింది. హైకోర్టు అనుమతితో వైద్యం ఆపవచ్చని మొదటిసారి చెప్పింది అందులోనే.

ఆ తర్వాత 2018 మార్చి 9న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమని తేల్చింది. లివింగ్ విల్‌ను (తెలివి తప్పితే ఏ వైద్యం వద్దో ముందే రాసుకునే పత్రం) గుర్తించింది. కానీ పెట్టిన షరతులు మోయలేనివి. కాగితం మీద మేజిస్ట్రేట్ సంతకం కావాలి. వైద్యులకు ఇరవై ఏళ్ల అనుభవం ఉండాలి. 2023 జనవరిలో కోర్టే వాటిని సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరించుకుంటే చాలు. వైద్యం ఆపాల్సి వస్తే, చూస్తున్న డాక్టరుతో పాటు ఐదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు ముందు పరిశీలిస్తారు. తర్వాత, జిల్లా వైద్యాధికారి సూచించిన డాక్టరు ఉన్న మరో బోర్డు చూస్తుంది. ఒక్కో బోర్డుకు 48 గంటలు. అమలుకు ముందు మేజిస్ట్రేట్‌కు తెలియజేస్తారు. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చు. కంచె పోలేదు, దానికో గేటు పెట్టారు.

ఆ గేటు అందరికీ తెరుచుకోదు. కండరాలు క్షీణించే జబ్బుతో ఉన్న హైదరాబాద్ చదరంగం ఆటగాడొకడు 2004లో, అవయవాలు పాడవకముందే దానం చేసి పోతానన్నాడు. అతని తల్లి హైకోర్టుకు వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. అతను బ్రెయిన్ డెడ్ కాదు, 1994 నాటి అవయవ మార్పిడి చట్టం అడ్డం. ఇప్పటి నిబంధనల కిందా జవాబు మారదు. తెలివిగా మాట్లాడుతున్న మనిషి ప్రాణం తీసి అవయవాలు ఇవ్వనిస్తే, రేపు అదే పని పేదవాడి చేత చేయించడానికి దళారులు పుడతారు. అతని కోరికలోని ఉదాత్తత నన్ను ఈనాటికీ కదిలిస్తుంది. అయినా ఆ తీర్పు సరైనదనే అనుకుంటాను.

అసలు లోటు వేరే ఉంది. వైద్యం ఆపడమంటే మనిషిని వదిలేయడం కాదు. నొప్పికి మార్ఫిన్, ఆయాసానికి మందు, పక్కన కూర్చునే మనిషి ఉండాలి. దీన్ని పాలియేటివ్ కేర్ (ఉపశమన వైద్యం) అంటారు. మార్ఫిన్ తెప్పించుకోవడం సులువు చేస్తూ 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించినా, చాలా ఊళ్లలో అది దొరకదు. నొప్పి తగ్గే దారి లేనిచోట "నన్ను పోనివ్వండి" అన్న మాట నిజంగా దేన్ని అడుగుతోందో చెప్పలేం.

లివింగ్ విల్ రాయాలనుకునేవారు ఇంట్లో మాట్లాడాకే రాయడం మంచిది. పద్దెనిమిదేళ్లు నిండి, తెలివితో ఉన్న ఎవరైనా రాయవచ్చు. తన తరఫున మాట్లాడాల్సింది ఎవరో పేరు రాయాలి. భార్యో, చెల్లెలో, మరో దగ్గరి బంధువో, ఒకరికి మించి కూడా రాయవచ్చు. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ఒక నకలు తన తరఫున మాట్లాడాల్సినవాళ్ల దగ్గర, ఒకటి ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గర ఉండాలి. బీరువా లాకరులో ఉన్న కాగితం రాత్రి రెండింటికి ఐసీయూ వరండాలోకి రాదు.