బయటికి బయలుదేరారా? సంచిలో ఏమేమి ఉన్నాయి?

పట్నంలో పని పడింది. బ్యాంకు పనో, కోర్టు పనో, మనవరాలి కాలేజీ ఫీజు కట్టే పనో. గడప దాటే ముందు అందరం ఒకసారి తడిమి చూసుకుంటాం. సెల్‌ఫోను ఉందా? డబ్బులున్నాయా? తాళంచెవి తీసుకున్నామా? మంచిదే. కానీ ఇవన్నీ మనం బాగున్నంతసేపు పనికొచ్చే వస్తువులు. దారిలో ఒంట్లో బాగుండకపోతే పనికొచ్చేవి వేరే ఉన్నాయి. వాటికి పెద్ద ఖర్చు లేదు, బరువూ లేదు.

సొంత ఊళ్లో కళ్లు తిరిగి పడిపోతే, "ఫలానా వాళ్ల నాన్నగారు, ఆయనకు షుగరుంది" అని చెప్పేవారు పదిమంది ఉంటారు. సికింద్రాబాద్ స్టేషను ముందో, విజయవాడ బస్టాండులోనో పడిపోతే చుట్టూ వందమంది ఉంటారు గానీ, మనమెవరమో తెలిసినవారు ఒక్కరూ ఉండరు. అక్కడ మన తరఫున మాట్లాడవలసింది మన సంచే.

1. మన గురించి చెప్పే చీటీ

ఒక చిన్న కాగితం తీసుకోండి. మీ పేరు, వయసు, ఇంటివారివి రెండు ఫోను నంబర్లు రాయండి. మీకున్న జబ్బులు, వాడుతున్న మందుల పేర్లు, మోతాదు, ఏ పూట వేసుకుంటారో రాయండి. పెన్సిలిన్ వంటి మందు ఏదైనా మీకు పడకపోతే దాని పేరు రాసి కింద గీత గీయండి. రక్తం పలచబడే మందు వాడుతున్నవారు ఆ సంగతి తప్పకుండా రాయాలి. అలాంటివారికి తలకు చిన్న దెబ్బ తగిలినా ప్రమాదం కావచ్చు. మందుల పేర్లు రాయడం కష్టమైతే మీ మందుల షాపువారినో, ఆసుపత్రిలో సిస్టరమ్మనో అడగండి.

అత్యవసర విభాగంలో "ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగితే, "పొద్దున ఒక తెల్ల బిళ్ల, రాత్రి ఒక పసుపు బిళ్ల" అనే జవాబు తరచుగా వస్తుంది. తెల్ల బిళ్లలు వందల రకాలున్నాయి. చీటీ ఉంటే డాక్టరుకు ఆ వెతుకులాట తప్పుతుంది.

చీటీని సంచిలో ఒకటి, చొక్కా జేబులోనో పర్సులోనో ఇంకొకటి పెట్టండి. దారిలో సంచి పోయినా జేబు మనతోనే ఉంటుంది. ఫోనులో నంబర్లున్నాయి కదా అనుకోవద్దు. ఫోనుకు తాళం వేసి ఉంటే ఎవరూ తెరవలేరు. చాలా ఫోన్లలో తాళం తీయకుండానే చూడగలిగే ఎమర్జెన్సీ సమాచారం నింపుకునే వీలుంది. పిల్లల చేత అది కూడా నింపించుకోండి. చీటీ మీద ఏటీఎం పిన్ను, ఆధార్ నంబరు మాత్రం రాయకండి.

2. షుగరు ఉన్నవారికి గ్లూకోజు

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు మందు వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. పట్నంలో క్యూలో నిలబడ్డప్పుడు, ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడు జరిగేది ఇదే. చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి దీని గుర్తులు. ఆపైన మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది. చూసేవారు తాగి ఉన్నాడనుకుని పక్కకు తప్పుకుంటారు. అసలు ప్రమాదం అదే.

ఈ గుర్తులు కనబడగానే మూడు చెంచాల గ్లూకోజు పొడి, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ అంతే తాగాలి. తేరుకున్నాక ఏదైనా తినాలి. గ్లూకోజు లేకపోతే పంచదార పనికొస్తుంది. అయితే వోగ్లిబోస్ అనే మందు వాడేవారికి పంచదార త్వరగా పని చేయదు. వారు గ్లూకోజే దగ్గర పెట్టుకోవాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే అంబులెన్సుకు ఫోను చేయాలి.

3. ఒక పూట మందులు అదనంగా

సాయంత్రానికి వచ్చేస్తామనుకుంటాం. బస్సు తప్పిపోతుంది, పని రేపటికి పడుతుంది. బీపీ, ఫిట్సు, గుండె మందులు మానకూడనివి. ఒక రోజుకు సరిపడా మందులు విడిగా కాకుండా పేరు కనిపించే అట్టతోనే పెట్టుకోండి. ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలరు ఇంట్లో వదిలి వెళ్లకూడదు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రను డాక్టరు రాసి ఇచ్చి ఉంటే, దాన్ని కూర్చుని పెట్టుకోవాలి. నిలబడి పెట్టుకుంటే బీపీ తగ్గి పడిపోవచ్చు. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోను చేయండి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులోనో, బండి డిక్కీలోనో వదలకండి. వేడికి అది పాడవుతుంది.

4. నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లం

మన ఎండలకు లీటరు నీళ్ల సీసా తప్పనిసరి. బయట మరుగుదొడ్డి దొరకదని చాలామంది స్త్రీలు పొద్దున్నుంచి నీళ్లే తాగరు. దానివల్ల వడదెబ్బకు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు దారి తీయవచ్చు. బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో, పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్లు ఉంటాయి. చిల్లర, ఒక చిన్న సబ్బు ముక్క వెంట ఉంచుకుని నీళ్లు తాగుతూ ఉండండి.

ఓఆర్ఎస్ పెద్ద పొట్లం లీటరు నీటికి, చిన్న పొట్లం 200 మిల్లీలీటర్ల గ్లాసుకు. పొట్లం మీద ఉన్న కొలత తప్పకూడదు. డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. కొనేటప్పుడు మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉన్న పొట్లమే అడగండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో డాక్టరును ముందే అడిగి ఉంచుకోవాలి.

వీటికి తోడు ఒక గొడుగు, ఒక శుభ్రమైన చేతిరుమాలు. గొడుగు వానకే కాదు, ఎండకూ పనికొస్తుంది.

ఎదుటివారు పడిపోతే

మన కళ్లముందు ఇంకొకరు పడిపోవచ్చు. తాగి ఉన్నారని తీర్మానించే ముందు ఒకసారి పలకరించండి. పలకకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆడుతోందో లేదో గమనించండి. జేబులో చీటీ ఉందేమో నలుగురి ఎదుట చూడండి. 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ ఉచితం. పోలీసు కేసు అవుతుందని భయపడవద్దు. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి సదుద్దేశంతో సాయం చేసినవారి మీద కేసులు పెట్టకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది.

ఇంట్లో పెద్దవారుంటే ఈ రాత్రే వారి పక్కన కూర్చుని చీటీ రాసి ఇవ్వండి. మందు మారినప్పుడల్లా చీటీ కూడా మార్చండి. అయిదు నిమిషాల పని. పరాయి ఊళ్లో ఆ చీటీయే వారికి అయినవాళ్లు.