రోళ్ళపాడు బీటిలో

అడవి అనగానే మనకు చెట్లే తోస్తాయి. చెట్టు లేని నేలను బీడనీ, బంజరనీ, ఎందుకూ కొరగాదనీ తీసిపారేస్తాము. ఆ మాట ఎంత తొందరపాటుదో తెలియాలంటే ఉగాది వెళ్ళిన కొత్తల్లో, ఎండలు ముదరకముందు, ఒక ఉదయం రోళ్ళపాడు వెళ్ళి రావాలి.

నంద్యాల జిల్లాలో నందికొట్కూరుకు చేరువనున్న పల్లె రోళ్ళపాడు. 2022 వరకు ఇది కర్నూలు జిల్లాలో ఉండేది. ఇక్కడి గడ్డినేలను, సుమారు 6 చదరపు కిలోమీటర్లు, 1988లో అభయారణ్యం చేశారు. అదంతా బట్టమేకపిట్ట కోసం.

అటవీశాఖవారి అనుమతి తీసుకొని, దారి తెలిసిన మనిషిని వెంటబెట్టుకొని, పొద్దు పొడవకముందే బయలుదేరాలి. మెరిసే బట్టలు పనికిరావు, మట్టిరంగువి మేలు. ముందు నడిచేవాని అడుగులోనే అడుగు వేయాలి. ఎందుకంటారా? ఇక్కడి పిట్టలు చాలావరకు నేలమీదనే గుడ్లు పెడతాయి. గులకరాళ్ళలో కలిసిపోయే ఆ గుడ్లు మన కంటికి ఆనవు. కాలికింద మాత్రం పడతాయి.

కొంత దూరం పోయేసరికి తీతువు అరుస్తుంది. దాని కూత అపశకునమని మన పెద్దలు భయపడేవారు. అది గుడ్లను కాచుకునే పిట్ట పెట్టే కేక. విని పక్కకు తొలగిపోవడం మన మర్యాద. భరతపక్షి పాడుతూ పాడుతూ నిలువునా పైకెగిరి, చుక్కంతై, అక్కడా పాట ఆపదు. ఎండ కాస్త ఎక్కాక శాండ్‌గ్రౌజ్ పిట్టలు గుంపులుగా నీళ్ళకు వస్తాయి. పావురమంతవి, ఇసుకరంగువి. వీటిలో మగపిట్ట రొమ్ము ఈకలను నీటిలో తడుపుకొని, ఆ తడిని మోసుకుపోయి పిల్లలకు తాగిస్తుంది! చలికాలపు రాత్రులు గడ్డిలోనే పడుకున్న హారియర్ గద్దలు మధ్య ఆసియావైపు తిరుగు ప్రయాణం కట్టే రోజులు కూడా ఇవే.

మరి బట్టమేక? మీటరు ఎత్తు, మగదైతే 15 కిలోల దాకా బరువు. 1980లలో ఇక్కడ తిరిగిన ఆ పక్షిని చూస్తామన్న ఆశతో నేడు వెళ్ళరాదు. దేశం మొత్తంమీద అడవులలో 150 కూడా లేవని అంచనా. ఉన్నవాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే. పెట్టేది సాధారణంగా ఒక్క గుడ్డు. కళ్ళు పక్కలకు ఉండడంచేత ఎదుటి కరెంటు తీగ వేళకు కనబడదు. కనబడినా ఆ బరువైన ఒళ్ళు చప్పున మళ్ళదు. పైగా కంచెలోపలి గడ్డి ఒక్కటే దానికి చాలదు. చుట్టూ మెట్టచేలు, బీళ్ళు కూడా కావాలి. వాటినే మనం ఖాళీ జాగా అనుకొని ఒకటొకటిగా వాడుకుంటూ వచ్చాము.

పుణ్యానికని బీటి నిండా మొక్కలు నాటినా ఈ పిట్టలకు నిలువ నీడ పోయినట్లే. వాటి నీడ గడ్డిపరకదే. మీ ఊరి పక్క బీడును ఏం చేద్దామా అని ఆలోచించే ముందు, పిల్లలను తీసుకొని ఒక తెల్లవారుజామున అక్కడ కాసేపు మాటాడక నిలబడండి. అది ఎవరిదో ఆ పిట్టలే చెబుతాయి.