ఎలుగు మనిషి మీద ఎందుకు పడుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే రైలుమార్గంలో పెండ్రా రోడ్ స్టేషన్ ఉంది. ఆ చుట్టుపక్కల మర్వాహీ అడవుల్లో ఎలుగుబంట్ల బెడద ఎక్కువ. ఆ అడవులున్న ఉత్తర బిలాస్‌పూర్ అటవీ డివిజన్‌లో 1998 ఏప్రిల్ నుంచి 2000 డిసెంబరు దాకా మనుషుల మీద 137 ఎలుగు దాడులు జరిగాయి, 11 మంది చనిపోయారు. ఎలుగు తిండి చెదలు, చీమలు, తేనె, పండ్లు, ఇప్పపూలు. మనిషిని వేటాడని ఎలుగు అతని ముఖం చీరేసేంతగా ఎందుకు తెగబడుతుంది? దాని తెగువకు మూలం భయం. ఆ భయాన్ని పెంచి పోషించింది పులి కావచ్చు.

పుట్టలు తవ్వడానికి పెరిగిన పొడవాటి వంకీ గోళ్లు ఎలుగువి. పిల్లల్ని వీపుమీద మోస్తూ తిరిగే తల్లికి పులి ఎదురైతే పరుగు పనికిరాదు. చెట్టెక్కితే చిరుత అక్కడికీ వస్తుంది. అందుకే ఎదురుతిరిగిన ఎలుగులే బతికి పిల్లల్ని పెంచాయి. మనిషిని పులి అనుకుని కలబడితే ఎలుగుకు పోయేది తక్కువ, పులిని పట్టించుకోకపోతే ప్రాణమే పోతుంది. తరతరాలుగా ఈ లెక్కే దాని స్వభావంలో స్థిరపడింది. అయితే జంతువులన్నీ గుడ్డిగా కొట్టుకుంటాయనుకోకూడదు. ఒకే జాతి జీవుల మధ్య గాయం వల్ల నష్టం ఎక్కువైతే, ఎప్పుడూ కలబడే స్వభావం ఒక్కటే నిలదొక్కుకోలేదని, అందుకే బెదిరింపుతో సరిపెట్టుకోవడం కూడా నిలుస్తుందని జాన్ మేనార్డ్ స్మిత్, జార్జ్ ప్రైస్ అనే శాస్త్రవేత్తలు 1973లో గణితంతో చూపించారు. ఎలుగు కూడా మనిషిని అలా బెదిరించి ఊరుకోవాలంటే మధ్యలో దూరం ఉండాలి. పుట్టలో మూతి పెట్టి చెదల్ని జుర్రుకునే ఎలుగుకు అడుగుల చప్పుడు సరిగా వినిపించదు. తలెత్తేసరికి మనిషి పక్కనే ఉంటాడు.

స్వభావమే కారణమైతే మనం చేసేదేముంది అని అడగొచ్చు. స్వభావం మారదు కానీ, అది రెచ్చిపోయే పరిస్థితిని మార్చవచ్చు. వేసవిలో తెల్లవారుజామునే ఇప్పపూలు ఏరుకునే పేద కుటుంబాలు, అవే పూల కోసం వచ్చే ఎలుగులు ఒకే చెట్టు కింద ఎదురుపడతాయి. గుంపుగా వెళ్లడం, మాట్లాడుకుంటూ నడవడం ఎలుగుకు ముందే హెచ్చరికనిస్తుంది. అయినా బాధ్యతంతా పూలేరుకునే మనిషి మీదే మోపడం అన్యాయం. ఎలుగు తిండి దొరికే అడవిని అడవిగా ఉంచడం, గాయపడినవారికి వెంటనే వైద్యం, పరిహారం అందించడం ప్రభుత్వ బాధ్యత. ఎలుగును దుర్మార్గి అనుకుంటే దాన్ని చంపడం తప్ప మరో దారి తోచదు. దాని భయాన్ని అర్థం చేసుకుంటే మనుషుల్నీ కాపాడుకోగలం.